రిబ్ మీద పేరు, అడుగున ముద్ర: పాత షాట్‌గన్ వయసు తేల్చే ఆధారాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని పాత భూస్వాముల ఇళ్లలోనూ, వెంకటగిరి సంస్థానంతో సంబంధాలున్న కుటుంబాల్లోనూ, ఉదయగిరి మొదలుకొని గిద్దలూరు దాకా వెలిగొండ, నల్లమల అడవులను ఆనుకొని సేద్యం సాగే పల్లెల్లోనూ లైసెన్సు మీద నిలిచి ఉన్న పాత షాట్‌గన్‌లు ఇప్పటికీ ఉన్నాయి. లైసెన్సు పుస్తకంలో వాటి వివరం ‘డీబీబీఎల్, 12 బోరు’ అని ఒక్క ముక్కలో ఉంటుంది, పక్కన ఒక నంబరు. రెండు గొట్టాలుండి, వెనుక నుంచి తూటా పెట్టే తుపాకీ అన్నంత వరకే దాని అర్థం. తయారీదారు ఎవరు, ఏ కాలంలో తయారైంది, ఇప్పుడున్న భాగాల్లో మొదటి నుంచీ ఉన్నవెన్ని, తరువాత చేరినవెన్ని అనే ప్రశ్నలకు ఆ పుస్తకంలో జవాబు దొరకదు. ఆ ఖాళీని ఇంట్లో చెప్పుకునే కథ నింపుతుంది: ముత్తాతగారికి ఎవరో దొర బహుమానంగా ఇచ్చాడని, ప్రత్యేకంగా ఇంగ్లండులో చేయించి ఓడలో తెప్పించారని, నూట యాభై ఏళ్ల నాటిదని. ఈ కథలు పూర్తిగా కల్పితాలు కాకపోవచ్చు. అయితే తుపాకీ తన వయసును తన ఒంటి మీదనే రాసుకుని ఉంటుంది, ఆ రాత ఇంటి కథతో అరుదుగా మాత్రమే ఏకీభవిస్తుంది.

ఈ ప్రశ్న కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చిన వాటికీ ఆ పరిమితి వర్తిస్తుంది. మూడు నాలుగు తుపాకులున్న కుటుంబం ఏ రెండింటిని ఉంచుకోవాలో, ఏవి అప్పగించాలో నిర్ణయించుకోవలసి వచ్చినప్పుడు, మెరుగు పెట్టిన నాసిరకం తుపాకీని ఉంచుకుని, మాసిపోయిన మేలైన దానిని వదులుకునే ప్రమాదం ఉంది. లైసెన్సుదారు మరణించాక వారసులు తుపాకీని సమీప పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు వద్దనో డిపాజిట్ చేయవలసి ఉంటుంది గనుక, దాని వివరాలను సరిగా నమోదు చేయించడానికి కూడా ఈ పరిశీలన పనికివస్తుంది.

పరిశీలన మొదలుపెట్టే ముందు పాటించవలసిన కనీస జాగ్రత్తలున్నాయి. తుపాకీని లైసెన్సుదారు సమక్షంలోనే చూడాలి. రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని తెరిచి కళ్లారా చూడకుండా మరే పనీ చేయకూడదు. గొట్టాల కింద చెయ్యి పట్టుకునే ‘ముందు చెక్క’ను తీసి గొట్టాలను విడదీయడం తుడిచేటప్పుడు ఎవరైనా చేసే పనే గానీ, లోపలి స్క్రూలను విప్పడం లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారుకు వదిలిపెట్టాలి. వయసు తేల్చడానికి తుపాకీని పేల్చి చూడవలసిన అవసరం ఎప్పుడూ రాదు.

సాధారణంగా అందరి కళ్లూ ముందు పడేది రెండు గొట్టాలను పైన కలుపుతూ సాగే రిబ్ అనే పట్టీ మీద చెక్కిన పేరు మీద. వయసు నిర్ధారణలో అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం ఇదే. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు కిందనే ఉండేది కాబట్టి ఇక్కడికి వచ్చిన తుపాకుల్లో చాలా వాటి మీద మద్రాసు దుకాణాల పేర్లు కనిపించడం సహజం. గడియారాలకు, నగలకు పేరుపొందిన పి. ఓర్ అండ్ సన్స్ తమ పేరు చెక్కిన తుపాకులను కూడా అమ్మేది. కలకత్తాలో మాంటన్, రాడా కంపెనీలు అదే వ్యాపారంలో ఉండేవి. 1914 ఆగస్టులో విప్లవకారులు మౌజర్ పిస్తోళ్లను ఎత్తుకుపోయినది ఈ రాడా కంపెనీ సరుకులోంచే. ఇలాంటి దుకాణాలు ఎక్కువగా బర్మింగ్‌హామ్ కర్మాగారాల్లో తయారైన తుపాకులను తెప్పించుకుని, తమ పేరు చెక్కించి అమ్మేవి. అందువల్ల రిబ్ మీద మద్రాసు అని ఉంటే ఆ తుపాకీ మద్రాసులో అమ్ముడైందని అర్థం చేసుకోవాలే తప్ప అక్కడ తయారైందని కాదు.

ఇంగ్లండు పేరు ఉన్నా ఇదే జాగ్రత్త అవసరం. పేరున్న కంపెనీల పేర్లకు ఒక అక్షరం అటూ ఇటూ మార్చి, చూడగానే అసలుదేననిపించేలా చెక్కిన చవక తుపాకులు బెల్జియం నుంచి విస్తారంగా వచ్చేవి. నిజమైన పేరే అయినప్పుడు దాని పక్కనున్న చిరునామా, సంస్థ పేరులోని మాటలు ఉపయోగపడతాయి. వెబ్లీ, స్కాట్ సంస్థలు 1897లో కలిశాయి గనుక ‘వెబ్లీ అండ్ స్కాట్’ అన్న జంట పేరున్న తుపాకీ అంతకు ముందుది కాజాలదు. పర్డీ సంస్థ 1880ల ఆరంభంలో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నుంచి సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారింది కాబట్టి చెక్కిన వీధి పేరును బట్టి తుపాకీ ఆ గీతకు ఏ వైపుదో తెలుస్తుంది.

పేరు తరువాత చూడవలసినది తుపాకీ పనిచేసే తీరు. ఒక్కొక్క యాంత్రిక ఏర్పాటుకూ పుట్టిన సంవత్సరం ఉంది. అడుగు దగ్గర పక్కకు సూదిలా పొడుచుకు వచ్చే పిన్‌ఫైర్ తూటాను లెఫోషో 1835లో రూపొందించాడు. తూటా అడుగు మధ్యలో కొట్టి పేల్చే, నేడు వాడే సెంటర్‌ఫైర్ పద్ధతి ఇంగ్లండులో 1861లో డా అనే తయారీదారు పేరుతో ప్రచారంలోకి వచ్చింది. గొట్టాలను బిగించడానికి ట్రిగ్గర్ కింద తిప్పే పొడవాటి మీట జోన్స్ 1859లో పేటెంట్ పొందినది. గొట్టాలను అడుగున పట్టి ఉంచే పర్డీ బోల్టు 1863 నాటిది, బొటనవేలితో పక్కకు తోసే పై మీట స్కాట్ 1865లో తెచ్చినది. ఈ రెండూ కలిసి ఆ తరువాతి తుపాకులన్నిటికీ దాదాపు ప్రమాణమయ్యాయి. బయట హామర్లు (తూటాను పేల్చడానికి ఎత్తి వదిలే గుబ్బలు) లేకుండా లోపలే కొట్టే ఏర్పాటులో అత్యంత విస్తృతంగా వ్యాపించినది వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేసిన ఆన్సన్, డీలీ 1875లో తీసుకొచ్చిన బాక్స్‌లాక్.

ఈ సంవత్సరాలను వాడే తీరులోనే ఎక్కువ మంది పొరపాటు పడతారు. ఒక ఏర్పాటు పుట్టిన తేదీ ఆ తుపాకీ అంతకు ముందుది కాదని మాత్రమే చెబుతుంది. అంతకు తరువాత ఎప్పటిదో చెప్పదు. బయటి హామర్లున్న తుపాకీ కనిపించగానే 1870ల నాటిదని తేల్చేయడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. నిజానికి హామర్ల తుపాకులు పరికరంగా మొరటువైనా, చవక కావడం వల్ల, గుబ్బ ఎత్తి ఉందో దించి ఉందో దూరం నుంచే కనిపిస్తుంది గనుక, బర్మింగ్‌హామ్‌లోనూ బెల్జియంలోనూ వలస దేశాల గిరాకీ కోసం 20వ శతాబ్దంలోనూ తయారవుతూ వచ్చాయి. విక్టోరియా రాణి కాలపు రూపంతో రెండు ప్రపంచ యుద్ధాల నడుమ తయారైన తుపాకీ నెల్లూరు మండువా ఇంట్లో దొరికితే ఆశ్చర్యపడవలసినది లేదు. దీనికి విరుద్ధమైన సందర్భం కూడా ఉంది: ముందు నుంచి మందు కూరే పాత తుపాకీనో, పిన్‌ఫైర్ తుపాకీనో తరువాతి కాలంలో సెంటర్‌ఫైర్‌గా మార్చినప్పుడు, పనిచేసే తీరు కొత్తదైనా ఇనుము పాతదే.

కనుక రూపాన్ని పక్కన పెట్టి, తుపాకీ వాడకంలో ఎవరికీ కనిపించని చోటును చూడాలి. ముందు చెక్కను తీసి, పై మీటను తోసి, గొట్టాలను కీలు నుంచి విడిపించి తలకిందులు చేస్తే, తూటా కూర్చునే చివర అడుగున రెండు చదునైన భాగాలు కనిపిస్తాయి. దశాబ్దాల పాటు యాక్షన్ (గొట్టాల వెనుక భాగం కూర్చునే, పేల్చే యంత్రమున్న ఇనుప దిమ్మ) లోపల దాగి ఉండడం వల్ల ఈ భాగం గొట్టాల పైభాగమంతగా తుప్పు పట్టదు, అరగదు. దీని మీదే ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. మామూలు బరువుకన్నా ఎక్కువ మందుతో పేల్చి, గొట్టం తట్టుకుందని తేలాకే తయారైన దేశంలోని పరీక్షా కేంద్రం ఆ ముద్రలు వేస్తుంది. ఇంగ్లండులో ఈ పని లండన్‌లో తుపాకీ తయారీదారుల సంఘమూ, 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసూ చేస్తూ వచ్చాయి. ముద్రల నియమాలు మారినప్పుడల్లా కొత్త గుర్తులు వచ్చాయి, పాతవి ఆగిపోయాయి. దాని వల్లనే, తయారీదారు పేరు తెలియని తుపాకీకి కూడా పైనా కిందా హద్దులు గీయగలుగుతున్నాం.

వీటిని చదవడానికి పెద్ద సాధనాలేవీ అక్కర్లేదు. మెత్తని పొడి బట్టతో తుడిచి, చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించినట్టుగా పట్టుకుంటే, నేరుగా వేసిన వెలుగులో కనబడని గాట్లు నీడలతో పైకి తేలతాయి. భూతద్దం పెట్టి చూసినవాటిని చూసినట్టే కాగితం మీద గీసుకోవాలి. ఊహించి పూర్తి చేయకూడదు. అరిగిన కిరీటం బొమ్మ, అరిగిన అక్షరం ఒకదానికొకటి పొరబడేలా ఉంటాయి. పలుచని కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో రుద్దినా ఆకారం దిగుతుంది.

బర్మింగ్‌హామ్ ముద్రల్లో అన్నిటికన్నా ఉపయోగపడే విభజన 1904 నాటిది. అంతకు ముందు కత్తెరలా ఒకదాన్నొకటి దాటే రెండు రాజదండాలు, పైన కిరీటం, వాటి మధ్య సందుల్లో అక్షరాలు ఉండేవి. 1904 తరువాత కిరీటం కింద ‘బీపీ’, కిరీటం కింద ‘బీవీ’, పొగలేని మందుతో పరీక్షించిన వాటికి కిరీటం కింద ‘ఎన్‌పీ’ వచ్చాయి. లండన్ తుపాకీ మీదైతే కిరీటం కింద పెనవేసుకున్న ‘జీపీ’, కిరీటం కింద ఒంటరి ‘వీ’ ఉంటాయి. ‘నైట్రో ప్రూఫ్’ అన్న మాటలూ, ఆ పక్కన గరిష్ఠంగా ఎన్ని ఔన్సుల గుళ్లు వాడవచ్చో చెప్పే అంకె కూడా 1896 నుంచి కనిపిస్తాయి. గొట్టం మూతి దగ్గర సన్నబడే చోక్ ఏర్పాటు 1870ల నడుమ వ్యాప్తిలోకి వచ్చాక, అలాంటి గొట్టంలో ఒంటి గుండు పేల్చకూడదన్న హెచ్చరికగా ‘నాట్ ఫర్ బాల్’ అన్న మాటలు కొట్టేవారు. 1887లో వాటి స్థానంలో ‘చోక్’ అన్న మాట వచ్చింది. కాబట్టి ‘నాట్ ఫర్ బాల్’ కనిపించిన గొట్టం 1875కూ 1887కూ మధ్య ప్రూఫ్ అయినదని చెప్పవచ్చు. ఇంత ఇరుకైన హద్దులిచ్చే ముద్రలు అరుదు.

వజ్రాకారపు చట్రంలో 12 అంకె, దాని కింద ‘సీ’ అక్షరం ఉన్న ముద్ర 1887 నుంచి 1954 దాకా వాడుకలో ఉంది. తూటా గది పరిమాణాన్ని అది సూచిస్తుంది. దాని సమీపంలో 12, 13, లేదా 13 కింద 1 వంటి అంకెలుంటే అవి గొట్టం లోపలి వ్యాసానికి గుర్తులు. బోరు లెక్క పాత పద్ధతిది: గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగితే అది పన్నెండు బోరు. ఆ లెక్కన 12 అంటే 0.729 అంగుళం, 13 కింద 1 అంటే 0.719, ఒట్టి 13 అంటే 0.710. మన వాళ్ల చేతిలోని తుపాకీని ‘పన్నెండు బోరు’ అని పిలుస్తున్నా, గొట్టం మీద 13 అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. తూటా గది పన్నెండుదే, గొట్టం కాస్త బిగుతుగా చేయించినది. 1925 తరువాతి బ్రిటిష్ ముద్రల్లో తూటా గది పొడవు, ఉదాహరణకు 2½ అంగుళాలు, కూడా చేరుతుంది. 1950ల నడుమ నియమాలు మళ్లీ మారి, బోరును దశాంశాలలోనూ, తట్టుకునే ఒత్తిడిని చదరపు అంగుళానికి టన్నులలోనూ కొట్టడం మొదలైంది. ‘3 టన్నులు’ అని కనిపించిన తుపాకీని ముత్తాతగారి పెళ్లినాటిదని చెప్పడం కుదరదు, అది పాత గొట్టానికి తరువాత మళ్లీ చేయించిన ప్రూఫ్ అయితే తప్ప. బర్మింగ్‌హామ్‌లో 1921 నుంచి సంవత్సరాన్ని సూచించే అక్షరాన్ని కూడా చిన్న గుర్తుతో కొట్టేవారు. ఆ వరుస ‘ఏ’తో మొదలై మధ్యలో ఆగి, 1950లో మళ్లీ ‘ఏ’తో మొదలైంది. అది దొరికితే మిగిలిన లెక్కలన్నీ ఒక్క సంవత్సరానికి కుదించుకుపోతాయి, కానీ అది అతి చిన్నది, సులువుగా అరిగిపోయేది.

బెల్జియంలోని లీజ్ నగరపు ముద్ర గుర్తుపట్టడం తేలిక: కోడిగుడ్డు ఆకారపు చట్రంలో ‘ఈఎల్‌జీ’ అక్షరాలు, కింద నక్షత్రం. 1893 నుంచి ఆ చట్రం మీద కిరీటం చేరింది. రిబ్ మీద ఎంత గొప్ప ఇంగ్లీషు పేరున్నా అడుగున ఈ గుడ్డు కనిపిస్తే పుట్టినిల్లు లీజ్ అని ఒప్పుకోవలసిందే. లీజ్ 1922 నుంచి, స్పెయిన్ 1927 నుంచి సంవత్సర సూచక అక్షరాలు వాడాయి. అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ కేంద్రాలు లేవు కాబట్టి ఆ దేశపు తుపాకులకు సీరియల్ నంబర్లే ఆధారం. బీహార్‌లోని ముంగేర్ కర్మాగారాల తుపాకుల్లో ఇంగ్లీషు రూపాన్ని అనుకరించినవి ఎక్కువ. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైనవాటికి ఈ పాత లెక్కలేవీ వర్తించవు.

ఇప్పుడు ఒక తుపాకీని ఊహించి చదువుదాం. రిబ్ మీద మద్రాసు దుకాణం పేరు. హామర్లు లేవు, బాక్స్‌లాక్. అంటే 1875 కన్నా ముందుది కాదు. గొట్టాల అడుగున కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ. అంటే బర్మింగ్‌హామ్‌ది, 1904 తరువాతిది. వజ్రంలో పన్నెండు, సీ. అంటే 1954కు ముందు. నైట్రో ప్రూఫ్ అన్న మాటలతో గుళ్ల బరువు 1⅛ ఔన్సు ఉంది గానీ తూటా గది పొడవు ఎక్కడా లేదు. అంటే 1925 నాటి నియమాలకు ముందు. సంవత్సరాక్షరం కనబడలేదు. ఇది 1921కి ముందని సూచిస్తుంది, కానీ అరిగిపోయి ఉండవచ్చు కాబట్టి దీని మీద భారం వేయలేం. ఇంటి కథ నూట యాభై ఏళ్లంటుంది. ముద్రలు మాత్రం 1904కూ 1925కూ మధ్య అంటున్నాయి. పాత లైసెన్సు పుస్తకం తీస్తే తొలి నమోదు 1938 అని ఉందనుకుందాం. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. లైసెన్సు తేదీ ఆ కుటుంబం తుపాకీని సంపాదించిన తేదీ, అంతకు ముందు అది మరొకరి చేతిలో ఉండి ఉండవచ్చు.

ఈ లైసెన్సు పుస్తకాల విషయంలో ఈ జిల్లాలకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పటిదాకా నెల్లూరులో, ఒంగోలు, అద్దంకి గుంటూరులో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. ఒంగోలైతే గుంటూరు జిల్లా 1904లో ఏర్పడక ముందు నెల్లూరులోనే ఉంది. కాబట్టి కనిగిరి కుటుంబం పుస్తకం మీద నెల్లూరు కలెక్టరు ముద్ర, గిద్దలూరు కుటుంబం పుస్తకం మీద కర్నూలు ముద్ర ఉండడం అనుమానించవలసిన విషయం కాదు. ఒంగోలు తుపాకీ పాత నమోదును వెతికేవారు ఒంగోలు కలెక్టరేటులో దొరకలేదని నిరాశపడడం కన్నా, ఆ సంవత్సరానికి తాలూకా ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకోవడం మేలు.

వయసు తేలాక మిగిలే రెండో ప్రశ్న, ఇప్పుడున్న భాగాల్లో ఎన్ని అసలువి అనేది, నిజానికి మొదటిదానికన్నా కష్టం. ఇంగ్లీషు తుపాకుల్లో ఒకే సీరియల్ నంబరు సాధారణంగా ట్రిగ్గర్ గార్డు తోక మీద, గొట్టాల అడుగున, ముందు చెక్కలోని ఇనుప భాగం మీద ఉంటుంది. ఈ మూడూ కలిస్తే అవి పుట్టుకతో ఒక కుటుంబం. ముందు చెక్క నంబరు మాత్రం వేరే అయితే, అది మరో తుపాకీ నుంచి వచ్చి చేరినదన్నమాట. దాని బిగింపులో ఉండే వదులు కూడా అదే చెబుతుంది. గొట్టాల నంబరు వేరైతే విషయం ఇంకా పెద్దది: యాక్షన్ ఒక కాలానిది, గొట్టాలు మరో కాలానివి కావచ్చు, అప్పుడు ప్రూఫ్ ముద్రలు గొట్టాల వయసునే చెబుతాయి. యాక్షన్ చదునైన భాగాల మీద ఉండే ముద్రలను విడిగా చదవవలసి వస్తుంది.

గొట్టాల పొడవును కొలవడం తరువాతి పని. విక్టోరియా కాలపు తుపాకులకు 30 అంగుళాలు మామూలు, తరువాత 28 ప్రాచుర్యంలోకి వచ్చింది. 26¾, 27⅜ వంటి వింత కొలత వచ్చిందంటే కోసినట్టే అనుకోవడం మంచిది. మూతి వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా స్పష్టం. కోయని తుపాకీలో రెండు గొట్టాలూ మూతి దగ్గర ఒకదానికొకటి దాదాపు ఆనుకుని ఉంటాయి. కోసిన దానిలో మధ్య ఖాళీ కనిపించి, దాన్ని సీసం టాంకాతో పూడ్చిన జాడ ఉంటుంది, గురి పూస కొత్త రంధ్రంలో కూర్చుని ఉంటుంది, చోక్ పోయి ఉంటుంది. పులికాట్ సరస్సు మీద, కంభం చెరువు మీద బాతుల వేటకు చోక్ గొట్టం పనికివచ్చిన కాలంలో కొన్న తుపాకీ, 1972 వన్యప్రాణి చట్టం తరువాత చేలలో పందులను బెదిరించడానికి పరిమితమయ్యాక కురచ గొట్టంతో మోసుకెళ్లడం సులువని ఎవరో కోయించి ఉండవచ్చు. గొట్టాన్ని అనుమతి లేకుండా కురచ చేయడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. వ్యక్తిగత రక్షణకూ క్రీడకూ ఇచ్చే లైసెన్సు విషయంలో చట్టం చెప్పే నున్నటి గొట్టం 20 అంగుళాలకు తగ్గనిది కావాలి.

చెక్క విషయంలో ఈ ప్రాంతపు తుపాకులు తమ కథను దాచుకోలేవు. ఇంగ్లండులో వాడినది వాల్‌నట్ కర్ర: నల్లని చారలు, నూనెతో రుద్ది తెచ్చిన లోతైన మెరుపు, చెయ్యి పట్టే చోట చేత్తో కోసిన సన్నని గళ్లు. గళ్ల అంచులు పట్టి పట్టి నున్నబడి ఉంటే అది వాడకపు అరుగుదల. అంచులు పదునుగా ఉండి గళ్ల లోయల్లో మురికి లేకపోతే ఎవరో తిరిగి కోసినవి. వెనుక చెక్క యాక్షన్‌ను కలిసే చోట పగలడం పాత తుపాకులకు సహజ వ్యాధి. దశాబ్దాల పాటు యంత్రంలోంచి కారిన నూనె ఆ భాగాన్ని నల్లగా, మెత్తగా చేస్తుంది. అక్కడ పగిలిన దానికి బదులుగా ఇక్కడి వడ్రంగులు టేకుతోనో, ఇరుగుడుతోనో కొత్త చెక్క చేసిపెట్టిన తుపాకులు చాలా ఉంటాయి. టేకు నారలు నిటారుగా సాగుతాయి, లోపలి ఇనుము కూర్చునే గుంతలు ఎంత నేర్పుతో తొలిచినా ఇంగ్లీషు పనిలా వెంట్రుకవాసి బిగుతుగా ఉండవు. ఇది మన పనివాళ్లను తక్కువ చేయడం కాదు. కొన్ని చెక్కలు గొప్ప పనితనంతో ఉంటాయి, కానీ అవి అసలువి కావు. మడమ దగ్గర రబ్బరు దిండు ఉంటే అది తరువాత చేర్చినది కావడానికే ఎక్కువ అవకాశం. దాని పక్కన చెక్క పొడవు పెంచిన అతుకు గీత ఉందేమో చూడాలి. కింది వైపున పేరు పొడి అక్షరాల కోసం అమర్చిన చిన్న లోహపు అండాకారం ఉండి, అందులో అక్షరాలు చెక్కి ఉంటే, అది ఇంటి కథకు దొరికే అరుదైన సాక్ష్యం.

లోహపు మెరుగును కూడా ఇలాగే అనుమానంతో చూడాలి. యాక్షన్ మీద ఉండే నీలి, గోధుమ, బూడిద రంగుల మేఘాల్లాంటి మచ్చలు చేతి రాపిడికి పోయినా, ట్రిగ్గర్ గార్డు కింద, మీట అడుగున, చెక్క కప్పిన అంచుల్లో మిగిలి ఉంటాయి. అక్కడ కూడా ఏమీ లేకుండా అంతా ఒకే తెల్లని మెరుపుతో ఉంటే ఎవరో పాలిష్ పట్టారని అర్థం. గొట్టాలకు కొత్తగా నీలి పూత పెట్టించిన తుపాకీలో చెక్కిన అక్షరాల అంచులు కరిగిపోయినట్టుగా ఉంటాయి, ఎందుకంటే పూతకు ముందు తుప్పుతో పాటు లోహాన్ని కూడా రాచేస్తారు. స్క్రూల తలల గాళ్లు సన్నగా, తుపాకీ పొడవు వెంబడి ఒకే వరుసలో ఉంటే లోపలికి ఎవరూ చెయ్యి పెట్టలేదని నమ్మవచ్చు. చిట్లిపోయిన గాళ్లు నాటు స్క్రూడ్రైవర్ పడ్డదని చెబుతాయి.

దమస్కస్ గొట్టాల గురించి కాస్త నిదానించాలి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, ఇనుప కమ్మీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికించి చేసిన ఈ గొట్టాల మీద అలలు, పూల గుత్తుల వంటి రేఖలు తేలతాయి. 19వ శతాబ్దపు తుపాకులలో ఇవి సాధారణం, పట్టీలు లేని ఉక్కు గొట్టాలు వచ్చాక క్రమంగా తగ్గాయి. ఇవి పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలానివి గనుక నేటి తూటాల ఒత్తిడిని భరిస్తాయనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మామూలు ఉక్కు గొట్టం మీద దమస్కస్ రేఖలను పైపైన తెచ్చిన నకిలీలు కూడా చవక తుపాకుల్లో ఉన్నాయి. రేఖలు గొట్టం చుట్టూ నిరంతరంగా తిరుగుతూ, చదునైన అడుగు భాగం మీదకూ కొనసాగితేనే అసలు దమస్కస్. ఉక్కు గొట్టమైనా సరే, ప్రూఫ్ నాటి కొలత కన్నా లోపలి వ్యాసం 0.010 అంగుళం పెరిగితే, బ్రిటిష్ నియమాల ప్రకారం ఆ ప్రూఫ్ చెల్లదు. 13 కింద 1 ముద్ర ఉన్న గొట్టం కొలిస్తే 0.729 వచ్చిందంటే ముద్ర ఉన్నా ప్రూఫ్ పోయినట్టే. లోపలి తుప్పు గుంతలను రాచేసి ‘అద్దంలా’ చేయించడం వల్ల ఎక్కువగా జరిగేది ఇదే. తూటా గది పొడవు కూడా ఇక్కడే చూసుకోవాలి: 2½ అంగుళాల గది 65 మిల్లీమీటర్ల తూటాకు, 2¾ అంగుళాలది 70 మిల్లీమీటర్ల తూటాకు చేసినవి. పొడవాటి తూటా పొట్టి గదిలో సులువుగా దూరుతుంది, విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది.

నెల్లూరు తీరపు గాలిలో ఉప్పు, ఈశాన్య రుతుపవనాల కాలపు తేమ తుపాకీకి బద్ధశత్రువులు. రిబ్ కిందికి దిగిన నీరు లోపలి నుంచి తినేస్తుంది. గొట్టాలను అడుగునున్న కొక్కెం దగ్గర వేలికి తగిలించి వేలాడదీసి, వేలి మెటికతో తట్టితే గంటలా మోగాలి. బొంగురుగా, బుసబుసమన్నట్టు వినిపిస్తే రిబ్ ఎక్కడో వదిలిందని అర్థం. దీన్ని చూసి గాబరాపడి, పండుగకు ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు, బూడిద, ఎమిరీ కాగితం పట్టడం మాత్రం అన్నిటికన్నా పెద్ద నష్టం. ప్రూఫ్ ముద్రలు, నంబరు, రిబ్ మీది చెక్కడం ఒక్క సాయంత్రంలో పోతాయి. పైగా తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తింపు ముద్రలను చెరిపివేయడం ఆయుధాల చట్టంలోని 8వ సెక్షన్ కింద నేరం. శుభ్రం చేయాలనే సదుద్దేశం అక్కడ రక్షణ కాకపోవచ్చు. మెత్తని బట్ట, కొద్దిగా సన్నని నూనె, పూసినదంతా నెమ్మదిగా తుడిచేయడం వరకే ఇంట్లో చేయదగినది.

వయసు నిర్ధారణ అయ్యాక చట్టం గురించిన ఒక అపోహ దాదాపు తప్పకుండా ఎదురవుతుంది: నూరేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని. చట్టంలోని 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు పాతకాలపు నమూనా, పురావస్తు విలువ, శిథిలత గురించి మాట్లాడుతుంది గానీ, అలాంటి తుపాకీ మరమ్మతు చేసినా చేయకపోయినా ఆయుధంగా పనిచేయలేనిదై ఉండాలన్న షరతు పెడుతుంది. మరమ్మతుతో పేలగల 1890 నాటి తుపాకీకి వయసు మాత్రమే రక్షణ ఇవ్వదు. నూరేళ్లు నిండిన వస్తువులకు మరో చట్టం అడ్డం వస్తుంది: 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం అలాంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మనవడికి తాతగారి తుపాకీ పంపాలనుకునేవారు తెలుసుకోవలసిన విషయం ఇది.

పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్ వంటి సంస్థల అమ్మకపు పుస్తకాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అడుగున ముద్ర, నంబరు, పేరు మూడూ ఆ సంస్థవేనని తేలినప్పుడు, నంబరును, ముద్రల ఫొటోలను పంపి అడిగితే, తుపాకీ పూర్తయిన తేదీ, మొదటి గొట్టాల పొడవు, కొన్నిసార్లు తొలి కొనుగోలుదారు పేరు కూడా తెలుస్తాయి. మద్రాసు దుకాణం పేరున్న బర్మింగ్‌హామ్ తుపాకీకి అలాంటి పుస్తకం దొరకడం అరుదు. దాని వయసును ముద్రల మధ్య నున్న హద్దులతోనే, ‘1904-1925’ అన్నట్టుగా, రాసుకోవడం ఉచితం. లైసెన్సు దరఖాస్తులోనూ, కుటుంబ పత్రాల్లోనూ ఏదో ఒక సంవత్సరం ఊహించి రాయడం కన్నా ఆ రెండు అంకెలు రాసి, వాటికి ఆధారమైన ముద్రల బొమ్మలను జత చేయడం మేలు.